కోచ్ లొల్లి పెట్టుకుంటూ వస్తున్నప్పుడు: సీనియర్ సాఫ్ట్‌బాల్ అంపైర్లకు కొన్ని మాటలు

రూల్ బుక్ నోటికి వచ్చినంత మాత్రాన ఫైనల్ మ్యాచ్ నడపలేం. ఈ సంగతి నాలుగైదేళ్లు ప్లేట్ (బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్) వెనక నిలబడ్డ వాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే ఇక్కడ రూల్స్ జోలికి పెద్దగా పోను, మన బుర్రను, చుట్టూ ఉన్న మనుషులను ఎట్లా చూసుకోవాలో అదే చెప్తాను.

మన వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు అసలు చిక్కు ఏంటంటే, కోచ్‌లు పరాయివాళ్లు కారు. ఒకాయన మనతో బీపీఎడ్ (పీఈటీ కోర్సు) చదివినవాడు, ఇంకొకాయన మనకు బ్యాట్ పట్టడం నేర్పిన సార్, మూడో ఆయన పక్కన కూర్చుని మొన్ననే పెళ్లి భోజనం చేశాం. కాబట్టి పని మ్యాచ్‌తో కాదు, గ్రౌండ్‌లోకి అడుగు పెట్టడంతోనే మొదలవుతుంది. ఒక కోచ్ భుజం మీద చెయ్యేసి నవ్వుతూ మాట్లాడి, రెండో ఆయనకు దూరం నుంచి తల ఊపామనుకోండి, అవతలి షామియానా కింద కూర్చున్నవాళ్లు మొదటి బంతి పడకముందే లెక్క వేసేసుకుంటారు. ఇద్దరినీ ఒకే తీరుగా పలకరించండి, ఇద్దరినీ 'సార్' అనండి, గురువుగారికి దండం మ్యాచ్ అయ్యాక పెట్టుకోవచ్చు.

ప్లేట్ దగ్గర ఇద్దరు కోచ్‌లను పిలిచి మాట్లాడే ఆ రెండు నిమిషాలను తేలిగ్గా తీసుకోవద్దు. మన గ్రౌండ్లలో సున్నం గీత మూడో ఇన్నింగ్స్‌కే చెరిగిపోతుంది, పక్కనే క్రికెట్ ఆడుతుంటారు, జనం ఫౌల్ లైన్ మీదే నిలబడతారు. బంతి ఆ చెట్టు దాటితే ఏంటి, షామియానా కిందికి దొర్లితే ఏంటి, అన్నీ ముందే ఇద్దరి ముందూ చెప్పేస్తే తర్వాత సగం పంచాయితీ ఉండదు.

ఇక బుర్ర సంగతి. అమ్మాయిల మ్యాచ్‌లో బంతి వేసే పిచర్ నిలబడే చోటు నుంచి ప్లేట్‌కు 43 అడుగులు. గంటకు 95 కిలోమీటర్ల వేగంతో వేసిందంటే బంతి అర సెకనులో క్యాచర్ మిట్ (గ్లవ్)లో ఉంటుంది. కళ్లకు ఆ వేగం ముందే అలవాటు కావాలి. పిచర్లు వార్మప్ చేస్తున్నప్పుడు క్యాచర్ వెనక నిలబడి ఇరవై బంతులు ఊరికే చూడండి. బాల్ (హద్దు బయట పడ్డది), స్ట్రైక్ (హద్దులో పడ్డది) అని లోపల కూడా అనుకోవద్దు, చెయ్యి నుంచి మిట్ దాకా బంతి వెంట కళ్లు పోతున్నాయా లేదా అంతే. రెండు టీముల పిచర్లనూ చూడాలి, లేకపోతే అదొక లొల్లి.

మ్యాచ్ మొత్తం ఏకధాటిగా ధ్యాస నిలపాలని చూడకండి, ఎండాకాలం మన దగ్గర పదకొండు గంటలకే తల తిరుగుతుంది. పిచ్‌కు పిచ్‌కు మధ్య, అంటే పిచర్ వేసే ఒక బంతికీ ఇంకో బంతికీ మధ్య, వదిలెయ్యండి, పిచర్ తను బంతి వేసే ప్లేట్ ఎక్కగానే మళ్లీ పట్టుకోండి. పట్టుకునేటప్పుడు మూడే ప్రశ్నలు: ఎన్ని అవుట్లు, రన్నర్లు ఎక్కడ, బంతి కొడితే నేను ఎటు పోవాలి.

తప్పు జరిగాక ఏం చెయ్యాలన్నది అన్నిటికంటే కష్టం. నా తప్పే చెప్తాను. ఐదో ఇన్నింగ్స్, ఒక్క రన్ తేడా, థర్డ్ నుంచి రన్నర్ హోమ్‌కు జారింది, క్యాచర్ మిట్‌తో తాకించింది, నేను గట్టిగా అవుట్ అని పిడికిలి ఎత్తాను. పిడికిలి ఇంకా దిగనేలేదు, బంతి ఆ పిల్ల మిట్‌లోంచి జారి నా బూటుకు తగిలింది. సేఫ్ అని మార్చాను, మార్చక తప్పదు. కానీ నేను చేసిన అసలు తప్పు అది కాదు. ఫీల్డింగ్ టీము కోచ్ మొహం చూసి లోపల గిల్టీగా అనిపించి, తర్వాతి ఇన్నింగ్స్‌లో వాళ్ల బ్యాటర్‌కు అంచు మీద పడ్డ స్ట్రైక్‌ను బాల్ అన్నాను, తెలిసే అన్నాను. దాంతో రెండో టీము కూడా నా మీద పడింది. ఒక్క తప్పుకు రెండు వైపులా మాట పడ్డాను.

అప్పటి నుంచి పెట్టుకున్న అలవాటు ఇది. క్లోజ్ ప్లే అయి బంతి డెడ్ కాగానే బ్రష్ తీసి, గ్రౌండ్‌కు వీపు చూపించి ప్లేట్ తుడుస్తాను, మురికి ఉన్నా లేకున్నా. తుడుస్తూ ఊపిరి మెల్లగా వదిలి, ఇండికేటర్ (చేతిలోని లెక్క యంత్రం) చూసి కౌంట్, అంటే ఎన్ని బాల్స్, ఎన్ని స్ట్రైక్‌లు అన్నది, పైకి చెప్తాను. ట్యాగ్ (బంతితో రన్నర్‌ను తాకడం) అయితే ముందు బంతి కనబడాలి, తర్వాతే నోరు లేవాలి.

2010 జూన్ 2న డెట్రాయిట్‌లో జరిగిన బేస్‌బాల్ మ్యాచ్ గుర్తుందా? గలరాగా అనే పిచర్ 26 మందిని వరుసగా అవుట్ చేశాడు, 27వ వాణ్ని, అంటే ఆఖరి వాణ్ని, ఫస్ట్ బేస్ దగ్గర అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు, నిజానికి అది అవుట్, ఒక్కరినీ బేస్ ఎక్కనివ్వని పర్ఫెక్ట్ గేమ్ ఆ ఒక్క కాల్‌తో పోయింది. మ్యాచ్ అయ్యాక రీప్లే చూసి తప్పు నాదే అని ఒప్పుకున్నాడు. మర్నాడు ఆయనది ప్లేట్ డ్యూటీ, లైనప్ కార్డు (ఆటగాళ్ల పేర్ల జాబితా) తెచ్చి ఇచ్చింది ఆ గలరాగానే.

కోచ్ వస్తున్నప్పుడు మనం ఎదురు నడవొద్దు, చేతులు కట్టుకోవద్దు. "ఏం చూసిన్రు సార్?" అని అడిగి, పది పదిహేను సెకన్లు మాట్లాడనివ్వండి. జవాబు ఒక్క వాక్యంలో ఉండాలి: "కాలు బేస్ తాకినంక బంతి వచ్చింది సార్." మన కళ్లతో చూసి ఇచ్చిన నిర్ణయం మీద ప్రొటెస్ట్ ఉండదు, రూల్ తప్పుగా వాడామంటే మాత్రం తర్వాతి పిచ్ పడకముందే అడగొచ్చు, ఆ మాట మర్యాదగా చెప్పండి. "మీకు రూల్స్ తెలుసా" అని మాత్రం అనకండి. మన దగ్గర 'నువ్వు' అంటే తిట్టు కాదు, "ఏం జూస్తున్నవ్ అన్నా" అన్నంత మాత్రాన ఎగిరిపడొద్దు. ఆయన కాల్ గురించి మాట్లాడుతున్నాడా, మన గురించి మాట్లాడుతున్నాడా అన్నదే చూడాలి. "నువ్వు అమ్ముడుపోయినవ్" అంటే అక్కడితో ఆపాల్సిందే, మనతో చదువుకున్న స్నేహితుడైనా సరే.

పార్ట్‌నర్ (మనతో ఉన్న రెండో అంపైర్) కాల్ మనకు తప్పనిపించినా మొహంలో కనబడనివ్వొద్దు, ఆయన అడిగితేనే చెప్పాలి, అదీ ఇద్దరూ కోచ్‌లకు దూరంగా నడిచి. ఫస్ట్, సెకండ్‌లో రన్నర్లుండి రెండు అవుట్లు కాకముందు ఇన్‌ఫీల్డ్ ఫ్లై (ఇన్‌ఫీల్డర్ తేలిగ్గా పట్టగల గాల్లో బంతికి, పట్టకున్నా బ్యాటర్ అవుట్) సైగ ఎట్లా ఇచ్చుకోవాలో మ్యాచ్‌కు ముందే మాట్లాడుకోండి.

క్యాచర్‌తో సంబంధం బంగారం. ఫౌల్ బంతి తగిలి నొప్పితో కూర్చుంటే బ్రష్ తీసి మెల్లగా తుడవండి, ఊపిరి తీసుకుంటుంది. "అది ఎక్కడుండె సార్?" అని మెల్లగా అడిగితే "కొంచెం బయట" అని చెప్పండి. తెలిసిన పిల్లని ఒక క్యాచర్‌ను 'బిడ్డా' అని, ఇంకో క్యాచర్‌ను నంబరుతో పిలవడం మాత్రం వద్దు.

మ్యాచ్ అయ్యాక గేటు బయట ఛాయ్ బండి దగ్గర అందరం కలుస్తాం, గెలిచిన కోచ్ పిలుస్తాడు. పోండి, మాట్లాడండి, కాల్స్ గురించి రేపు అనండి, ఛాయ్ డబ్బులు మాత్రం మీరే ఇచ్చుకోండి.