బ్రొమీలియాడ్ పిలకను తల్లి మొక్క నుంచి ఎలా వేరు చేయాలి?

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో బ్రొమీలియాడ్ (అనాస కుటుంబానికి చెందిన అలంకరణ మొక్క) వాడిపోతున్నా ఆ కుండీ మా గుమ్మం ముందు తేలుతుంది. "పువ్వు పోయింది, ఇప్పుడు మొక్క కూడా పోతోంది, మందేమైనా వేయాలా?" అని అడుగుతారు. ఏ మందూ అక్కర్లేదు. గెల దించిన అరటిచెట్టు మళ్లీ గెల వేస్తుందా? ఇదీ అంతే. ఒక మొక్క జన్మలో ఒక్కసారే పూస్తుంది. ఆ తర్వాత ఏడాదో రెండేళ్లో నెమ్మదిగా ఎండుతూ, పక్కన పిలకలు పెట్టి పోతుంది. పెరట్లో అరటి పెంచినవాళ్లు కూడా దీన్ని చెత్తబుట్టలో వేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంకొందరు వేలెడు పిలక కనబడగానే చాకు తీస్తారు. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను.

కావలసినవి: పదునైన చాకు, తుడవడానికి స్పిరిట్, నాలుగు అంగుళాల కుండీ, కొబ్బరి డొక్కు ముక్కలు, గుప్పెడు బొగ్గు. ఎక్మియా రకమైతే చేతికి గ్లోవ్స్ కూడా, దాని ఆకు అంచులు రంపంలా కోస్తాయి. ఎర్రమట్టి, పశువుల ఎరువు దగ్గరికి రానివ్వకండి. మనం ఇళ్లలో పెంచే గుజ్మేనియా, నియోరెజీలియా, ఎక్మియా లాంటివి దక్షిణ అమెరికా అడవుల్లో ఎక్కువగా చెట్ల కొమ్మలు పట్టుకుని బతికేవి. వాటికి వేళ్లు ముఖ్యంగా పట్టు కోసమే. నీళ్లు తాగేది ఆకులతో. ఈ కుటుంబంలోనే పుట్టిన అనాస మాత్రం నేలలో వేళ్లూని మామూలు మొక్కలా బతుకుతుంది. సింహాచలం కొండ మీది అనాస తోటలు చూసి, ఇది కూడా అలాగే పెరుగుతుందనుకుంటే కుళ్లిపోతుంది.

నీళ్లు ఆకుల మధ్య ఉండే దొప్పలో పోయాలి, కుండీలో కాదు. కుండీలో వారానికోసారి కాస్త తడిపితే చాలు. బోరు నీళ్లు వద్దు, ఆకుల మీద తెల్లటి చారలు కట్టి అంత తేలిగ్గా పోవు. వాన నీళ్లు పట్టుకోండి, లేదంటే ఆర్వో నీళ్లు. ఇంకోటి, డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలా నిలవున్న నీళ్లలోనే. శుక్రవారం డ్రై డే అని ఆశా కార్యకర్తలు చెప్తారు కదా, ఆ రోజే కుండీ వంచి పాత నీళ్లు పారబోసి కొత్తవి పోయండి. దోమలు రాకుండా దొప్పలో నూనె చుక్క వేసే పెద్దమనుషులు ఉన్నారు. ఆ నూనె ఆకుకు పట్టి మొక్క ఊపిరి తీస్తుంది.

ఇక అసలు పని, పిలక కోయడం. ఎప్పుడు కోయాలన్న దగ్గరే తొంభై శాతం మంది తప్పు చేస్తారు. తల్లి ఎత్తులో మూడో వంతు వస్తే చాలని చాలామంది చెప్తారు. మన ఎండలకు నేను ఒప్పుకోను. సగం రావాలి. ఎత్తొక్కటే చూడొద్దు, పిలకకు సొంత దొప్ప ఏర్పడిందా లేదా చూడాలి. రాత్రి పిలక నడిమికి ఒక చెంచా నీళ్లు పోయండి. తెల్లారేసరికి నీళ్లు అలాగే నిలిచి ఉంటే అది తన నీళ్లు తాను దాచుకోగలదు. నీళ్లు జారిపోయుంటే ఇంకో నెల ఆగండి. వేళ్లు కనబడకపోయినా టెన్షన్ పడక్కర్లేదు, కోసి నాటాక వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం చాకు ముట్టుకోవద్దు. తొలకరి పడి గాలి చల్లబడ్డాకే కోయండి.

రకాన్ని బట్టి కూడా పద్ధతి మారుతుంది. నియోరెజీలియా పిలక పెన్సిల్ లాంటి కాడ చివర దూరంగా లేస్తుంది, కోయడం సులువు. ఎక్మియా పిలక తల్లి మొదలును అంటుకుని ఉంటుంది. గుజ్మేనియాకైతే చాలాసార్లు పిలక ఆకుల సందులోంచే పుట్టుకొస్తుంది. దాన్ని కోయాలని చూస్తే తల్లీ పిల్లా రెండూ పోతాయి. అక్కడే వదిలేయండి. తల్లి ఎండిన కొద్దీ దాని ఆకులు కత్తిరించుకుంటూ పోతే, అదే కుండీలో పిల్ల తల్లి చోటు తీసుకుంటుంది.

కోసే రోజు, ముందుగా దొప్ప నీళ్లు వంచేయండి. మొక్కను కుండీలోంచి పూర్తిగా బయటికి తీయండి. కుండీలో ఉండగానే సందులోకి చాకు దూర్చేవాళ్లను చూస్తే భయమేస్తుంది. అడుగున ఎండిన ఆకులను ఒక్కొక్కటిగా పక్కకు లాగి ఒలవండి. అప్పుడు పిలక, తల్లి కలిసే చోట గట్టిగా, తెల్లగా ఒక ముడి కనబడుతుంది. చాకును తల్లి ఒంటికి ఆనించి కోయాలి, పిలక వైపు జరగకూడదు. తల్లికి గాయమైనా ఫరవాలేదు, పిలక మొదలు చెదరకూడదు.

మెలితిప్పి లాగకండి. మొదట్లో నేనూ అలాగే లాగాను. పిలక చేతికొచ్చింది గానీ దాని మొదలు తల్లి దగ్గరే ఉండిపోయింది. చేతిలో ఉన్నది ఉల్లిపొరల్లా ఏ ఆకుకు ఆ ఆకు ఊడి గచ్చు మీద పడింది. ఏడాది ఎదురుచూసిన పిలక అది.

కోసిన చోట కాస్త పసుపు అద్ది, ఒక రోజంతా నీడలో ఆరనివ్వండి. దాల్చినచెక్క పొడి వాడమంటారు, నాకు పసుపే నచ్చుతుంది. బూజు పట్టకుండా అని మైలుతుత్తం, బోర్డో మిశ్రమం లాంటివి మాత్రం రాయొద్దు. వాటిలో ఉండేది రాగి, ఈ జాతికి రాగి విషం. ఓసారి మా పక్కింటి పిన్నిగారు రాగి చెంబులో రాత్రంతా ఉంచిన నీళ్లు దొప్పలో పోయబోతే చెంబు లాక్కున్నాను. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నాటేటప్పుడు కింది ఆకు మొదలయ్యే చోటు దాకానే లోపలికి పోవాలి. లోతుగా పాతితే నడిమి నుంచి కుళ్లుతుంది. పైపైన నాటితే ఊగుతుంది కాబట్టి నాలుగు చీపురు పుల్లలు చుట్టూ గుచ్చి నిలబెట్టండి. దొప్పలో కొద్దిగా నీళ్లు పోసి, ఎండ తగలని వెలుతురులో పెట్టండి. వేళ్లు వచ్చాయో లేదో అని పీకి చూడొద్దు. నెల, నెలన్నర తర్వాత ఒక ఆకు పట్టుకుని మెల్లగా కదిపితే ఊగకుండా గట్టిగా నిలబడుతుంది, అప్పుడు పుల్లలు తీసేయొచ్చు. తల్లిని కూడా పారేయకండి, తిరిగి కుండీలో పెడితే చాలావరకు ఇంకో పిలక ఇస్తుంది.

ఎరువు విషయంలో చేతులు కట్టుకోండి. నియోరెజీలియాకు ఎరువు వేస్తే ఎర్రరంగు పోయి ఆకులు పచ్చగా, పొడుగ్గా సాగుతాయి. రంగు కావాలంటే ఎరువు కాదు, పొద్దుటి ఎండ కావాలి. గుజ్మేనియాకు ఆ ఎండ కూడా వద్దు.

పిలక పూయడానికి ఏడాదిన్నర నుంచి మూడేళ్లు పడుతుంది. పెద్దదై కూడా పూయకపోతే దొప్ప నీళ్లు వంచేసి, బాగా మగ్గిన ఆపిల్ ఒకటి పక్కన పెట్టి, మొక్కను కుండీతో సహా ప్లాస్టిక్ కవర్లో కట్టి వారం రోజులు నీడలో ఉంచండి. ఆపిల్ నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పూతను రేపుతుంది. అనాస తోటల్లో ఇథిలీన్ వదిలే ఎథెఫాన్ అనే మందు పోసేదీ ఇందుకే. ఎండలో మాత్రం పెట్టొద్దు, కవర్లో మొక్క ఉడికిపోతుంది. కవర్ విప్పాక మళ్లీ దొప్ప నింపి, రెండు మూడు నెలల పాటు దాని జోలికి వెళ్లకండి.