పాత డీజిల్ జీపును బయోడీజిల్‌తో నడపడం ఎలా?

వంటనూనె లాంటి నూనెలతో తయారుచేసే బయోడీజిల్ పోస్తే ఇంజిన్ పాడవుతుందా అని చాలామంది అడుగుతుంటారు. పాత జీపు ఇంజిన్‌కు దానితో పెద్ద పేచీ ఏమీ లేదు. పేచీ అంతా ట్యాంకుకీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న దారితోనే: పాత రబ్బరు పైపులు, డీజిల్ ఫిల్టరు, ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి. ఈ దారిని ముందు సరిచేసుకుంటే పని సగం అయిపోయినట్టే. మిగతా సగం మంచి సరుకు కొనడం.

ఇక్కడ చెప్పేది పాత మహీంద్రా బండ్ల గురించి. ప్యూజో ఇంజిన్ వచ్చిన ఎంఎం540, డీఐ ఇంజిన్ ఉన్న కమాండర్, మేజర్, మొదటి తరం బొలెరో ఫోర్ బై ఫోర్ లాంటివి. వీటిలో డీజిల్ పంపు మొత్తం మెకానికల్, పొగగొట్టంలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉండదు. సీఆర్‌డీఈ, అంటే కామన్ రైల్ ఇంజిన్ బండి మీదైతే ఈ ప్రయోగం వద్దు. కామన్ రైల్ ఇంజెక్టర్ల ధర అడిగి చూడండి, ఎందుకు వద్దన్నానో తెలుస్తుంది. కంపెనీ పుస్తకంలో ఎంత శాతం కలపవచ్చని రాశారో అంతవరకే ఆగండి.

వంటనూనె వేరు, బయోడీజిల్ వేరు

నూనెలో మిథనాల్ అనే ఆల్కహాల్, కాస్తంత కాస్టిక్ సోడా కలిపి వేడిచేస్తే గ్లిజరిన్ విడిపోయి అడుగుకు దిగుతుంది. పైన తేలినదాన్ని కడిగి, నీరు లేకుండా ఆరబెడితే బయోడీజిల్. ఈ పని జరగని పచ్చి నూనె డీజిల్ కంటే సుమారు పది రెట్లు చిక్కగా ఉంటుంది. ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే నాజిల్ దాన్ని పొగమంచులా చిమ్మలేదు, ధారగా వదులుతుంది. కొన్నాళ్లకు పిస్టన్ రింగుల దగ్గర కార్బన్ గట్టిపడుతుంది. ఆదిలాబాద్ ఏజెన్సీలో ఒకప్పుడు కానుగ నూనెతోనే జనరేటర్లు నడిపారు కదా అంటారు. నిజమే. కానీ జనరేటర్ ఒకే వేగంతో, వేడి మీద, గంటల తరబడి నడుస్తుంది. సంతకు వెళ్లి ఆగి, మళ్లీ సెల్ఫ్ కొట్టే జీపు పరిస్థితి అది కాదు.

ఇంట్లో తయారుచేసుకోవడం గురించి నేను చెప్పను. మిథనాల్ విషం, దాని మంట పగటి వెలుగులో కంటికి సరిగా కనిపించదు కూడా.

సరుకు కొనేటప్పుడు

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. బయోడీజిల్ పేరుతో చవక బేస్ ఆయిళ్లు (ఇంజిన్ ఆయిల్ తయారీకి వాడే నూనెలు), సాల్వెంట్లు (జిడ్డు కరిగించే ద్రావకాలు) అమ్ముతూ పట్టుబడిన కేసులు దేశంలో చాలా ఉన్నాయి. డీజిల్ కంటే బాగా చవగ్గా, బిల్లు లేకుండా ఇస్తానంటే అది బయోడీజిల్ కాదనుకుని వచ్చేయండి. అనుమతి ఉన్న తయారీదారు దగ్గరో, అనుమతి ఉన్న బంకులోనో మాత్రమే కొనండి.

మన దేశంలో దీనికి ప్రమాణం ఐఎస్ 15607. ఆ లాటు టెస్ట్ రిపోర్టు అడిగి మూడు అంకెలు చూడండి. ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరికి మంట అంటుకునే వేడి, 100 డిగ్రీల పైన ఉండాలి. సాల్వెంట్ కలిపితే ముందు పడిపోయేది ఇదే. యాసిడ్ వాల్యూ (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె) 0.5 దాటకూడదు, దాటిందంటే నూనె పాతదో, తయారీ సరిగా జరగలేదో. నీరు కిలోకు 500 మిల్లీగ్రాములకు మించకూడదు.

రిపోర్టు ఉన్నా సీసా పరీక్ష మానొద్దు. గాజు సీసాలో సగం బయోడీజిల్, సగం మంచినీళ్లు పోసి, మూత బిగించి పది సెకన్లు గట్టిగా కుదపండి. అరగంటలో రెండూ శుభ్రంగా విడిపోవాలి. మధ్యలో పాలలాంటి తెల్లటి పొర నిలిచిపోతే తయారీలో పుట్టే సబ్బు మిగిలిందనో, నూనె పూర్తిగా మారలేదనో అర్థం. ఆ డ్రమ్ము వెనక్కి పంపండి. పరీక్షకు వాడిన నమూనా ట్యాంకులో పోయకండి.

బండిని సిద్ధం చేయడం

ముందు ట్యాంకు. కింద ఉన్న డ్రెయిన్ ప్లగ్గు విప్పి డీజిల్ అంతా దించేయండి. మడ్డి, తుప్పు ఎక్కువగా ఉంటే ట్యాంకు దింపి కడిగించాల్సిందే. బయోడీజిల్ మంచి సాల్వెంట్, ట్యాంకు గోడలకు అంటుకున్న పాత జిడ్డునంతా ఊడదీసి ఫిల్టరులోకి తోస్తుంది. “బయోడీజిల్ పోశాక బండి ఆగిపోయింది” అనే కథల్లో చాలావాటికి కారణం ఇదే.

తర్వాత రబ్బరు. ఫీడ్ పంపుకు వెళ్లే పైపు, ఇంజెక్టర్ల నుంచి వచ్చే సన్నటి రిటర్న్ పైపులు, ఓ-రింగులు అన్నీ చూడండి. పాత బండ్లలోని మామూలు రబ్బరు, నైట్రైల్ రబ్బరు బయోడీజిల్‌కు ఉబ్బి, మెత్తబడి, చివరికి కారడం మొదలుపెడతాయి. బయోడీజిల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరు పైపు కాస్త ఖరీదే, కానీ జీపుకు పట్టేది కొద్ది మీటర్లే. ఇరవై శాతం దాటి కలపాలనుకుంటే వైటాన్ తప్పనిసరి. ఇత్తడి జాయింట్లు, రాగి పైపులు, జింకు పూసిన డబ్బాలు ఉంటే మార్చండి. ఈ లోహాలు బయోడీజిల్‌ను త్వరగా చెడగొడతాయి. స్టీలు, అల్యూమినియంతో ఇబ్బంది లేదు.

ఇక మీ బండి డీజిల్ పంపు రోటరీ రకమా, ఇన్‌లైన్ రకమా అన్నది మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి. రోటరీ పంపుకు లూబ్రికేషన్ అంతా లోపల తిరిగే ఇంధనమే. సరుకులో నీరున్నా, సబ్బున్నా ముందు దెబ్బతినేది అదే. మంచి బయోడీజిల్ అయితే దానికి మేలు కూడా. 2020 ఏప్రిల్ నుంచి మనకు వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో పది) మాత్రమే. సల్ఫర్ తీసే పనిలో డీజిల్‌కు సహజంగా ఉండే జారుడుతనం తగ్గుతుంది కాబట్టి కంపెనీలు విడిగా అడిటివ్ కలుపుతాయి. బయోడీజిల్ రెండు శాతం కలిసినా ఆ జారుడుతనం పెరుగుతుంది.

చివరగా వాటర్ సెపరేటర్ లేకపోతే ఒకటి వేయించి, కొత్త ఫిల్టరు బిగించి, బ్లీడ్ స్క్రూ దగ్గర ఎయిర్ తీయండి. ఒక ఫిల్టరు, స్పానర్లు బండిలోనే పెట్టుకోండి.

కలపడం

మొదటి ట్యాంకుకు ఐదు శాతం చాలు. తేడా లేదనిపిస్తే పదికి, తర్వాత ఇరవైకి వెళ్లండి. ఇరవై శాతమంటే 40 లీటర్ల డీజిల్‌కు 10 లీటర్ల బయోడీజిల్. ముందు డీజిల్, ఆపై బయోడీజిల్ పోయండి. అది బరువైనది కనుక దిగుతూ కలుస్తుంది, గతుకుల రోడ్డు మిగతా పని చూసుకుంటుంది. ఒంటి మీద పడ్డ చుక్కలను వెంటనే తుడవండి, బండి పెయింటు మీద పడ్డవాటినైతే ఇంకా త్వరగా; రంగు లేచిపోతుంది.

నా లెక్కలో పాత జీపుకు ఇరవై శాతం దగ్గర ఆగడం మంచిది. అక్కడిదాకా మైలేజీలో తేడా దాదాపు తెలియదు. పూర్తి బయోడీజిల్‌తో అయితే లీటరుకు వచ్చే శక్తి సుమారు ఎనిమిది శాతం తగ్గుతుంది, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు గేరు ముందే దించాల్సి వస్తుంది. పొగ తగ్గడం మాత్రం నిజం.

మొదటి రెండు ట్యాంకులు అయ్యాక ఫిల్టరు మార్చండి, అది బాగున్నట్టు కనిపించినా సరే. దారిలో పికప్ తగ్గి, రేజ్ చేస్తే బండి గుంజుతుంటే ముందు ఫిల్టరే చూడండి. పంపు విప్పుదామనే మెకానిక్‌ను కాసేపు ఆపండి.

చలికాలం

హోటళ్లలో వాడేసిన నూనెతో చేసిన బయోడీజిల్ అంటే మన దగ్గర ఎక్కువగా పామోలిన్‌దే. పామాయిల్ నుంచి చేసిన బయోడీజిల్ 15 డిగ్రీల దగ్గరే మసకబారి, ఇంకా చల్లబడితే నెయ్యిలా పేరుకుంటుంది. విజయవాడలో ఇది సమస్యే కాదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున లంబసింగి, చింతపల్లి, అరకు వైపుగానీ ఆదిలాబాద్‌లోగానీ సెల్ఫ్ కొట్టేవాళ్లకు మాత్రం ఫిల్టరు మూసుకుపోతుంది. ఆ నెలల్లో ఐదు శాతానికి దిగండి, లేదా పూర్తిగా డీజిల్‌కు మారండి. పల్చబడుతుందని కిరసనాయిలు కలపొద్దు, పంపు అరుగుతుంది.

నిల్వ, నిలిపి ఉంచడం

బయోడీజిల్ గాలి తగిలితే పుల్లబడుతుంది, తేమ లాక్కుంటుంది. డ్రమ్ము నిండుగా, మూత బిగించి, నీడలో ఉంచి, మూడు నాలుగు నెలల్లో వాడేయండి. నీరు చేరితే అడుగున బూజు పెరుగుతుంది. బండిని నెలల తరబడి షెడ్డులో పెట్టేటప్పుడు ముందు ఒక ట్యాంకు మామూలు డీజిల్‌తో తిప్పి, తర్వాతే నిలపండి.

ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ వారానికోసారి చూడండి. మట్టం తగ్గకపోగా పెరుగుతుంటే బయోడీజిల్ ఆయిల్లోకి దిగుతోందని అర్థం. ఆయిల్ మార్చి, నాజిళ్లు టెస్ట్ చేయించండి. బయోడీజిల్ తుడిచిన గుడ్డలను మూలన కుప్పగా వేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విడివిడిగా ఆరబెట్టి, మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టండి.