బండి లాగట్లేదా? గేర్‌బాక్స్ విప్పే ముందు చక్రాలు చూడండి

పాత కారుకి పికప్ తగ్గింది, మైలేజ్ పడిపోయింది, ఎంత తొక్కినా లాగట్లేదు అనగానే చాలామంది "గేర్‌బాక్స్ పోయినట్టుంది" అనేస్తారు. కావచ్చు కూడా. కానీ బ్రేకులు పూర్తిగా వదలకుండా పట్టేసుకున్నా సరిగ్గా ఇలాగే ఉంటుంది, పైగా బ్రేకులు చూడ్డం ఇంటి దగ్గర అయ్యే పని, గేర్‌బాక్స్ దింపడం అలా కాదు. అందుకే ముందు బ్రేకులు, ఆ తర్వాతే క్లచ్, గేర్లు. ఈ వరస మార్చొద్దని గట్టిగా చెప్తాను, ఎందుకంటే పట్టేసిన బ్రేకుతో అలాగే నడిపితే ఆ అదనపు లోడ్ అంతా క్లచ్ మీదా ఆటోమేటిక్ అయితే గేర్ ఆయిల్ మీదా పడి బాగున్నవి కూడా పాడవుతాయి.

మొదట ఆర్‌పీఎం ముల్లు (ఇంజన్ తిరిగే వేగం చూపేది) గమనించండి. యాక్సిలరేటర్ తొక్కగానే ముల్లు గబుక్కున లేచి స్పీడ్ మాత్రం అక్కడే ఉంటే పవర్ మధ్యలో జారిపోతోందని అర్థం, అంటే అనుమానం క్లచ్ మీదకి పోతుంది. ముల్లు, స్పీడు రెండూ కలిసే నెమ్మదిగా పెరుగుతుంటే ఏదో పట్టుకునుంది, లేదా ఇంజన్‌లోనే బలం తగ్గింది. ఈ రెంట్లో ఏదో తేల్చడానికి ఖాళీగా ఉన్న సమతలం రోడ్డు మీద 40 స్పీడ్‌లో న్యూట్రల్ వేసి వదిలేయండి (ఇంజన్ మాత్రం ఆపొద్దు, ఆపితే కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్ సాయం కొద్దిసేపట్లో పోతుంది, తాళం తిప్పితే స్టీరింగ్ లాక్ పడొచ్చు). బాగున్న బండి చాలా దూరం దొర్లుతుంది, బ్రేక్ పట్టిన బండి వెనక నుంచి ఎవరో తాడు కట్టి లాగినట్టు ఆగిపోతుంది.

తర్వాత కొన్ని కిలోమీటర్లు బ్రేక్ వీలైనంత తక్కువ వాడుతూ నడిపి ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూడండి, డిస్క్‌నో డ్రమ్మునో తాకితే కాలుతుంది కాబట్టి దగ్గరగా పెడితే చాలు. కుడి ఎడమలు పోల్చాలి, ముందు చక్రం వెనక చక్రం కంటే వేడిగా ఉండటం మామూలే. ఒక్క చక్రమే వేడెక్కి బ్రేక్ లైనర్ కాలిన వాసన వస్తుంటే దొంగ దొరికినట్టే. బండి ఒక పక్కకి లాగుతుంటే ఆ పక్క ముందు చక్రం మొదట చూడండి.

ఇప్పుడు జాకీ. కింద ఉన్న చక్రాలకి అడ్డు పెట్టి, పైకి లేపాక స్టాండ్ తప్పకుండా వెయ్యండి, ఉత్త జాకీ మీద నమ్మకం వద్దు. న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రం అయితే హ్యాండ్ బ్రేక్ కూడా వదిలి చేత్తో తిప్పండి. ప్యాడ్ కాస్త రాసుకునే చప్పుడు పర్లేదు, రెండు చేతులతో బలంగా తిప్పాల్సి వస్తే మాత్రం పట్టేసినట్టే.

అసలు పని ఇక్కడుంది, చాలామంది దీన్ని వదిలేసి నేరుగా కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) మార్చేస్తారు. చల్లారితే బ్రేక్ తనంతట తనే వదిలేయొచ్చు, కాబట్టి పెడల్ కొన్నిసార్లు తొక్కి మళ్ళీ పట్టేలా చేసి, బ్లీడర్ నిపుల్‌కి (కాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి తీసే చిన్న స్క్రూకి) ట్యూబ్ తగిలించి రెండో కొస సీసాలో పెట్టి, గ్లోవ్స్, కళ్ళద్దాలు వేసుకుని ఆ నిపుల్ కొంచెం లూజ్ చెయ్యండి. చక్రం వెంటనే ఫ్రీ అయితే లోపల ప్రెషర్ నిలిచిపోయింది, కాలిపర్ తప్పు కాదు. ఫ్రీ కాకపోతే తప్పు అక్కడే, పిస్టన్ తుప్పు పట్టి ఉంటుంది లేదా కాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులు ఎండిపోయి ఉంటాయి (పిన్నులకి బ్రేక్ గ్రీజే వాడండి, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది). ప్రెషర్ నిలిచిందని తేలితే బ్లీడర్ బిగించి మళ్ళీ బ్రేక్ పట్టించి, ఈసారి రబ్బరు హోస్ పైకొసన ఇనప పైపు నట్టు లూజ్ చెయ్యండి. అప్పుడు వదిలితే తప్పు పైన మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టే భాగం) వైపుంది. వదలకపోతే ఆ హోసే, పాతబడ్డ హోస్ బయటికి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి ఆయిల్‌ని కిందకి పోనిచ్చి వెనక్కి రానివ్వదు.

అన్ని చక్రాలూ పడుతుంటే చక్రాల దగ్గర టైమ్ వేస్ట్ చెయ్యొద్దు. పెడల్‌కి కొద్దిగా ఫ్రీ ప్లే (బ్రేక్ పట్టకముందు ఖాళీగా కదిలే దూరం) ఉందో లేదో చూసి, మాస్టర్ సిలిండర్‌ని బూస్టర్‌కి పట్టి ఉంచే నట్లు లూజ్ చేసి సిలిండర్‌ని కాస్త ముందుకి జరపండి. అప్పుడు వదిలితే పుష్ రాడ్ (బూస్టర్ నుంచి సిలిండర్‌ని నెట్టే కడ్డీ) అడ్జస్ట్‌మెంటో బూస్టరో, వదలకపోతే సిలిండరే. ఇంకో పాడు కారణం, బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఎవరైనా ఇంజన్ ఆయిలో పవర్ స్టీరింగ్ ఆయిలో పోసి ఉండటం. రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బిపోతాయి, చాలా బండ్లలో క్లచ్‌కి కూడా అదే డబ్బా కాబట్టి బ్రేకులు పట్టేయడం, గేర్లు పడకపోవడం రెండూ ఒకేసారి మొదలవుతాయి.

వెనక డ్రమ్ములైతే ఎక్కువగా తుప్పు పట్టిన హ్యాండ్ బ్రేక్ కేబులే కారణం, లేదంటే బలం తగ్గిన రిటర్న్ స్ప్రింగులు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ముని ఊదకండి, తడిపి తుడవండి. ఏ బ్రేక్ లైన్ విప్పినా లోపలికి చేరిన గాలి తీసి, బండి కదిలే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కి చూడండి.

చక్రాలన్నీ ఫ్రీగా తిరుగుతూ కూడా సమస్య ఉంటే అప్పుడు గేర్ల వైపు రండి. మాన్యువల్ గేర్ల బండిలో టాప్ గేర్‌లో 50 స్పీడ్‌లో యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి, ముల్లు మాత్రమే లేస్తే క్లచ్ ప్లేట్ అరిగింది. ఆటోమేటిక్ అయితే బండితో వచ్చిన బుక్‌లో చెప్పిన పద్ధతిలోనే ఆయిల్ లెవెల్ చూడండి, చాలావాటికి ఇంజన్ వేడిగా నడుస్తుండగా చూడాలి, కొన్నిటికి ఆపి. ఆయిల్ గోధుమరంగుకి తిరిగి మాడు వాసన వస్తే లోపలి క్లచ్‌లు కాలుతున్నాయి. డ్రైవ్‌లో వేసినా బండి రెండు మూడు సెకన్లు ఆలోచించి కదిలితే ప్రెషర్ తక్కువగా ఉంది, ముందు లెవెలే చూడండి. పైగేర్లలోనే మొదలై లాగలేక పోతుంటే అది లింప్ మోడ్ (లోపం కనిపిస్తే బండి కంప్యూటర్ గేర్లని పరిమితం చేసే స్థితి) కావచ్చు, గేర్‌బాక్స్ దింపే ముందు స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్స్ చదివించండి. ఆయిల్ పాలరంగులో ఉంటే మాత్రం రేడియేటర్ నీళ్ళు గేర్‌బాక్స్‌లోకి వెళ్తున్నట్టు, ఇక స్టార్ట్ చెయ్యకుండా బండిని ఎత్తించుకుని షెడ్డుకి తీసుకెళ్ళండి.