బెంగళూరు నుంచి చెన్నైకో తిరుమలకో వెళ్తున్నారా? ప్రయాణంలో చర్మాన్ని ఇలా చూసుకోండి

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు ప్రయాణాలు ఎక్కువ. పండక్కి ఊరు, పెళ్లికి చెన్నై, మొక్కుకు తిరుమల. రాత్రి మడివాలలోనో మారతహళ్లిలోనో బస్సెక్కితే తెల్లారేసరికి గాలి, నీళ్లు, ఎండ అన్నీ మారిపోతాయి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, చెన్నై సముద్రం ఒడ్డునే ఉంది. ఈ మార్పుకి చర్మం పొడిబారడం, మొటిమలు రావడం, చెమటకాయలు లేవడం మామూలే. అప్పుడు కంగారుపడి కొత్త క్రీములు కొంటాం. దాంతో ఇంకా పాడవుతుంది. ప్రయాణంలో చర్మానికి కొత్తదేదీ పరిచయం చేయకండి. రోజూ వాడేవే తీసుకెళ్లి, వేళకు వాడండి చాలు.

1. బ్యాగులో ఏం పెట్టుకోవాలి?

ముఖం కడుక్కునే ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. పెదాలకు కాస్త వాజలీన్. మీ సొంత తువ్వాలు. ఇంతే. విదేశానికి విమానంలో వెళ్లేవాళ్లు చేతి బ్యాగులో పెట్టే క్రీములు, ద్రవాలు ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్ల సీసా దాటకుండా చూసుకోండి.

పెళ్లికి వెళ్తున్నామని ముందురోజు బ్లీచ్, కొత్త ఫేషియల్ చేయించుకోవద్దు. పడకపోతే సరిగ్గా ముహూర్తానికి ముఖం ఎర్రగా పొంగుతుంది. కొత్తది వాడాలనే ఉంటే వారం పది రోజుల ముందు మోచేతి మడతలో కొంచెం రాసి, కొన్ని రోజులు చూడండి. మొటిమలకు డాక్సీసైక్లిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లకు, రాత్రిపూట రెటినాల్ (విటమిన్ ఏ రకం క్రీము) లాంటివి రాసుకునేవాళ్లకు ఎండ త్వరగా తగులుతుంది. బయల్దేరే ముందు డాక్టర్‌తో ఒక మాట మాట్లాడటం మంచిది.

2. ఏసీ బస్సులో, రైల్లో

ఏసీ గాలిలో తేమ తక్కువ. స్లీపర్ బస్సులో తల మీదే ఉండే ఏసీ రంధ్రం రాత్రంతా ముఖం మీదికి ఊదుతుంటే ఉదయానికి చెంపలు బిగుసుకుపోతాయి. ఎక్కగానే దాన్ని పక్కకి తిప్పండి, లేదా మూసేయండి. ఇంటి దగ్గరే మేకప్ తుడిచేసి, ముఖం కడుక్కుని, మాయిశ్చరైజర్ రాసుకుని బయల్దేరండి. దారిలో వాసన వచ్చే వైప్స్‌తో పదేపదే తుడుచుకుంటే చర్మం ఇంకా ఎండుతుంది.

దారిలో బాత్రూమ్ దొరకదన్న భయంతో చాలామంది ఆడవాళ్లు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. పొడిబారిన చర్మానికి క్రీము రాస్తే సరిపోతుంది కానీ, నీళ్లు తాగకపోతే వచ్చే తలనొప్పికి, మూత్రంలో మంటకి క్రీములు లేవు. బుక్ చేసేటప్పుడే బస్సు ఎక్కడ ఆగుతుందో అడగండి, కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి.

3. నీళ్లు మారినప్పుడు

సబ్బు సరిగ్గా నురగ రావడం లేదంటే అవి గట్టి నీళ్లు. బెంగళూరులో బోరు, ట్యాంకర్ నీళ్లు వాడే అపార్ట్‌మెంట్లలో ఇది తెలిసిన బాధే. చెన్నైలో సముద్రానికి దగ్గరి పేటల్లో కొన్నిచోట్ల బోరు నీళ్లు ఉప్పగా కూడా ఉంటాయి. ఈ నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి చర్మం మీద జిడ్డు పొరలా మిగులుతుంది. నురగ రావడం లేదని సబ్బు ఇంకా రుద్దకండి. తక్కువ వాడి, చివర్లో ఒక గ్లాసు మంచినీళ్లతో ముఖం కడుక్కోండి. స్నానానికి గోరువెచ్చని నీళ్లు చాలు. ఒళ్లు పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాస్తే ఆ తడి లోపలే నిలుస్తుంది.

4. ఎండ దగ్గర రాజీ వద్దు

మొత్తం ప్రయాణంలో ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయండి. బెంగళూరు చల్లగాలి మనల్ని నమ్మిస్తుంది. కానీ ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. వేడి తగలకపోయినా, మబ్బు పట్టినా కిరణాలు పడుతూనే ఉంటాయి. కిటికీ అద్దం కూడా వీటిలో చర్మం లోతుకు దిగే యూవీఏ కిరణాలను చాలావరకు లోపలికి వదిలేస్తుంది. అందుకే పగటి రైల్లో కిటికీ పక్కన కూర్చున్నా సన్‌స్క్రీన్ కావాలి.

"మనది చామనఛాయ, మనకెందుకు ఇవన్నీ" అనే మాట ప్రతి ఇంట్లో వింటాం. మన చర్మంలోని మెలనిన్ కొంత కాపాడుతుంది, నిజమే. కానీ మంగు మచ్చలు ఎక్కువగా వచ్చేది మనలాంటి చర్మానికే, వాటిని ముదిరేలా చేసేది ఈ ఎండే. ఒకసారి వచ్చాక పోగొట్టుకోవడం ఎంత కష్టమో మంగు ఉన్నవాళ్లని అడగండి.

సన్‌స్క్రీన్ ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ (చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల నుంచి కాపాడే అంకె) 30 లేదా అంతకన్నా ఎక్కువ, పీఏ (యూవీఏ నుంచి రక్షణ) పక్కన మూడు ప్లస్ గుర్తులు ఉన్నది కొనండి. ఎస్‌పీఎఫ్ 30 యూవీబీ కిరణాల్లో సుమారు 97 శాతాన్ని, 50 అయితే 98 శాతాన్ని ఆపుతుంది. అంకె కంటే ఎంత రాస్తున్నామన్నదే ముఖ్యం. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకి సరిపోతుంది. బయటికి వెళ్లడానికి పావుగంట ముందు రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. చెన్నై చెమటకి ఇంకా ముందే కారిపోతుంది. చెవులు, మెడ వెనక, చీర కట్టుకుంటే వీపు, చెప్పుల్లో పాదాల పైభాగం మర్చిపోతుంటాం.

మెరీనాలోనో మహాబలిపురంలోనో గొడుగు కింద కూర్చున్నా, పొడి ఇసుక మీద పడ్డ యూవీలో దాదాపు 15 శాతం తిరిగి మన మీదికే కొడుతుంది. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉన్నంతసేపు బీచ్‌కి వెళ్లకపోవడమే మేలు. సాయంత్రం దోమల మందు కూడా రాయాల్సి వస్తే సన్‌స్క్రీన్ ముందు, అది ఆరాక దోమల మందు.

కమిలిపోతే చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ వేయండి, కలబంద జెల్ రాయండి. నిమ్మరసం మాత్రం వద్దు. నిమ్మరసం తగిలిన చోట ఎండ పడితే బొబ్బలెక్కి నల్ల మచ్చలు మిగులుతాయి.

5. చెన్నై చెమట

చెమట నాళాలు మూసుకుపోతే చెమటకాయలు వస్తాయి. రెండు పూటలా స్నానం, వదులుగా ఉండే కాటన్ బట్టలు, రాత్రి ఫ్యాను గాలి, వీటితోనే చాలావరకు తగ్గుతాయి. పౌడర్ దట్టంగా అద్దితే అది చెమటతో ముద్దయి ఇబ్బంది పెడుతుంది. మే నెల కత్తిరి ఎండల్లో జీన్స్ ఇంట్లోనే వదిలేయండి.

చంకలు, గజ్జలు, వేళ్ల సందులు తడిగా ఉంటే తామర అంటుకుంటుంది. చుట్టాలింట్లో తువ్వాళ్లు పంచుకోవద్దనేది ఇందుకే. గుండ్రటి మచ్చ, అంచున ఎరుపు, దురద కనిపిస్తే, దయచేసి మెడికల్ షాపులో "దురదకి ఏదైనా ఇవ్వండి" అని అడగకండి. స్టెరాయిడ్ కలిసిన ట్యూబు చేతికి రావచ్చు. రెండు రోజుల్లో దురద తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది, ఆ తర్వాత డాక్టర్‌కే గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఇలా ముదరబెట్టుకుని నెలల తరబడి బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదట్లోనే చర్మ డాక్టర్‌కి చూపిస్తే మామూలు మందులతో నయమవుతుంది.

వానాకాలంలో లైటు చుట్టూ తిరిగే, నలుపు నారింజ చారలున్న సన్నటి పురుగు ఒంటి మీద వాలితే కొట్టి నలపకండి, ఊదేయండి. నలిపితే దాని రసం తగిలిన చోట కాలినట్టు పొక్కుతుంది. పొరపాటున నలిగితే వెంటనే సబ్బుతో కడగండి.

6. తిరుమలలో తలనీలాలు ఇచ్చాక

అన్నాళ్లూ జుట్టు కింద దాగిన మాడుకి ఒక్కసారిగా ఎండ తగులుతుంది. గంధం చల్లగా హాయిగా ఉంటుంది కానీ ఎండని ఆపదు. కళ్యాణకట్ట నుంచి బయటికి రాగానే టోపీ పెట్టండి లేదా కండువా కప్పండి. కత్తి గాట్లు ఉంటే అవి మానేదాకా గంధం గానీ క్రీము గానీ అక్కడ రాయకండి. మాడవీధుల్లో మధ్యాహ్నం రాతి మీద చెప్పుల్లేకుండా నడిచేటప్పుడు పరిచిన తివాచీ మీదే నడవండి, పిల్లల్ని ఎత్తుకోండి.

పుట్టు వెంట్రుకలు తీయించిన పసిపిల్లలకు, ముఖ్యంగా ఆరు నెలల లోపు వాళ్లకు, సన్‌స్క్రీన్ వద్దు. మెత్తటి కాటన్ టోపీ, గొడుగు నీడ చాలు. వీలైతే తెల్లవారుజామునే గుండు చేయించి, ఎండ ఎక్కేలోపు గదికి తీసుకెళ్లిపోండి.