గ్యాస్ వార్తలో లెక్క – 3వ పాఠం: దేశాలు కలిసి కొంటే చేతికెంత వస్తుంది?

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకు ముందు జవాబు చూద్దాం. 1,74,000 ఘనపు మీటర్ల ఎల్‌ఎన్‌జీ (బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజ వాయువు) మోసే ఓడలో ఎంత గ్యాస్ ఉన్నట్టు? ద్రవం మళ్లీ గ్యాస్ అయితే సుమారు 600 రెట్లు పెరుగుతుంది. అంటే పది కోట్ల ఘనపు మీటర్ల పైమాటే, సుమారు 0.1 బీసీఎం (ఒక బీసీఎం అంటే వంద కోట్ల ఘనపు మీటర్లు). ఒక బీసీఎంలో ఉండే శక్తి సుమారు 10 టెరావాట్ అవర్లు (ఒక టెరావాట్ అవర్ అంటే పది లక్షల మెగావాట్ అవర్లు) కాబట్టి, ఓడ ఒక్కింటికి ఒక టెరావాట్ అవర్. ఇది నోటికి రావాలి. ఇవాళ్టి పాఠానికి ఇదే కొలత.

ఇవాళ ఉమ్మడి కొనుగోలు వార్త ఎలా చదవాలో నేర్చుకుందాం. ఉదాహరణ యూరోపియన్ యూనియన్.

2021లో యూనియన్ దేశాలు రష్యా నుంచి సుమారు 155 బీసీఎం గ్యాస్ తెచ్చుకున్నాయి. 2022 ఏప్రిల్ 27న రష్యా ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ పోలండ్‌కు, బల్గేరియాకు సరఫరా ఆపేసింది. చలికాలంలోపు నిల్వలు నింపాలన్న టెన్షన్‌తో ఆ వేసవిలో ఇరుగుపొరుగు దేశాలు ఒకే సరుకు కోసం ఎగబడ్డాయి. ఒకరి మీద ఒకరు పోటీపడి రేటు తామే పెంచుకున్నారు. ఆగస్టు చివర్లో యూరప్ గ్యాస్ ధరకు కొలబద్దగా చూసే నెదర్లాండ్స్‌లోని టీటీఎఫ్ మార్కెట్‌లో మెగావాట్ అవర్ ధర 300 యూరోలు దాటింది.

పెన్సిల్ తీయండి. ఒక బీసీఎం అంటే సుమారు కోటి మెగావాట్ అవర్లు. ఉదాహరణకు మెగావాట్ అవర్ 30 యూరోల చొప్పున కొంటే 30 కోట్ల యూరోలు. 300 చొప్పున కొంటే 300 కోట్లు. బల్గేరియా ఏడాదికి వాడేది దాదాపు 3 బీసీఎం. అంత గ్యాసూ ఆ రేటుకే కొనాల్సి వస్తే బిల్లు 90 కోట్ల నుంచి 900 కోట్లకు పోతుంది. సోఫియాలో ఇళ్లకు వేడినీళ్లు, వెచ్చదనం పంపే కేంద్రాలు నడిచేది ఈ గ్యాస్‌తోనే కాబట్టి, ఆ భారం చివరికి ఇంటింటికీ చేరుతుంది. ఈ లెక్క వేసి చూస్తే తప్ప ఉమ్మడి కొనుగోలు ఎందుకు కావాల్సి వచ్చిందో అర్థం కాదు.

(మన కేజీ బేసిన్ గ్యాస్ ధరను ఎంఎంబీటీయూకి (ఇదీ శక్తి కొలతే, ఒక మెగావాట్ అవర్‌లో ఇవి 3.41) ఇన్ని డాలర్లని రాస్తారు. పోల్చాలంటే మెగావాట్ అవర్ ధరను 3.41తో భాగించండి. 30 యూరోలు దాదాపు 8.8 యూరోలవుతాయి. ఆపైన యూరోను డాలర్లలోకి మార్చుకోవాలి.)

2022 డిసెంబరులో చట్టం చేసి, 2023 ఏప్రిల్‌లో అగ్రిగేట్‌ఈయూ అనే వేదిక తెరిచారు. కంపెనీలు తమకెంత గ్యాస్ కావాలో, ఏ నెలలో, ఎక్కడ కావాలో అందులో నమోదు చేసేవి. ఆ అవసరాలన్నీ కలిపి అమ్మేవాళ్ల ముందు పెట్టేవారు. రష్యా గ్యాస్‌కు అందులో చోటు ఉండేది కాదు. ఓడ మొత్తం కొనే స్తోమత లేని చిన్న కంపెనీ తరఫున పెద్ద కంపెనీ కొనిపెట్టే ఏర్పాటు కూడా ఉండేది. చలికాలానికి నింపాల్సిన నిల్వల లక్ష్యంలో 15 శాతానికి సమానమైన అవసరాన్ని 2023లో ప్రతి దేశమూ ఇందులో చేర్చి తీరాల్సి ఉండేది. కొనడం మాత్రం కంపెనీల ఇష్టం.

వార్త చదివేటప్పుడు చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే. ఈ వేదిక మీద మొదటి విడతలో అడిగింది 11.6 బీసీఎం, అమ్ముతామని వచ్చింది 13.4, జత కుదిరింది 10.9. శీర్షికలో 10.9 కనబడగానే అంతా కొనేశారనుకుంటాం. కానీ జత కుదరడమంటే అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ పరిచయం చేయడమే. ఆ తర్వాత బేరం, ఒప్పందం వాళ్లిద్దరి మధ్యే జరుగుతాయి. యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ అందులో ఉండదు. అందుకే ఏ అంకె చూసినా పక్కన అడిగిందా, ఇస్తామన్నదా, కుదిరిందా, సంతకమైందా అని రాసుకోండి. ఈ వేదిక వల్ల అదనంగా ఒరిగిందేమిటో ఇంకా రుజువు కాలేదని 2024లో యూనియన్ ఖర్చులను తనిఖీ చేసే యూరోపియన్ ఆడిటర్ల కోర్టు చెప్పింది కూడా.

తర్వాత, మొత్తంతో పోల్చండి. 2022లో యూనియన్ వాడకం సుమారు 350 బీసీఎం. అందులో 10.9 అంటే 3 శాతం చిల్లర. యూనియన్ మొత్తానికి ఇది కొంచెమే. బల్గేరియా లెక్కన మాత్రం మూడేళ్లకు పైగా సరిపోయే గ్యాస్. పొరుగుదేశాలు కలిసి కొంటే ఎక్కువ మేలు చిన్నవాళ్లకేనని నేను నమ్మడానికి కారణం ఇదే.

ఈసారి అభ్యాసం: ఆ 10.9లో 8.7 పైపులైన్ గ్యాస్, మిగతాది ఎల్‌ఎన్‌జీ. ఎల్‌ఎన్‌జీ భాగం ఎన్ని ఓడల సరుకు? అడిగిన దానికంటే ఎక్కువే అమ్మకానికి వచ్చినా 0.7 బీసీఎంకు జత ఎందుకు కుదరలేదు? కంపెనీలు ఏమేం నమోదు చేసేవో పైన మరోసారి చూసి, మీ జవాబు రాసి పెట్టుకోండి.