పికప్ ఇరుసు నట్టు ఇంట్లో బిగించే ముందు

పికప్ ట్రక్కు చక్రం నడిమధ్యలో, చిన్న మూత కింద, ఒక పెద్ద నట్టు ఉంటుంది. టైరు మార్చేటప్పుడు విప్పే అయిదారు వీల్ నట్లు వేరు, ఇది వేరు. దీన్ని ఇరుసు నట్టు అనండి, యాక్సిల్ నట్టు అనండి. వీల్ బేరింగ్ (చక్రం తేలిగ్గా తిరిగేలా చేసే గుండ్ల రింగు) మార్చినా, యాక్సిల్ కీలును కప్పే రబ్బరు బూటు చిరిగి యాక్సిల్ బయటికి తీసినా, చివర్లో దీన్ని బిగించాలి. ఇంట్లో చేసుకోగలిగిన పనే. కాకపోతే ఇందులో చేసిన తప్పు ఆ రోజు కనపడదు. కొన్ని వారాలు గడిచాక, బండి మంచి స్పీడులో ఉన్నప్పుడు బయటపడుతుంది.

నాకు అలాగే జరిగింది. ముందు యాక్సిల్ ఒకటి మార్చి, నట్టు చేతికి వచ్చినంత బిగించి, చక్రం పెట్టి జాకీ దించేశాను. ఎండ మండిపోతోంది. మిగతా బిగింపు నీడలో చేద్దామని బండిని నాలుగు గజాలు ముందుకు నడిపాను. తర్వాత నట్టును కొలత ప్రకారమే బిగించాను కూడా. మూడు వారాలకు, స్పీడు యాభై దాటగానే తుమ్మెద రొదలాంటి శబ్దం మొదలైంది. స్టీరింగ్ ఒక వైపు తిప్పితే పెరిగేది, రెండో వైపు తిప్పితే తగ్గేది. కొత్త బేరింగ్ పాడైపోయింది.

ఆ నాలుగు గజాల్లో ఏం జరిగిందో తర్వాత అర్థమైంది. ఇలాంటి బేరింగ్‌లలో చాలావాటికి లోపలి రింగు రెండు ముక్కలుగా ఉంటుంది. ఆ రెండింటినీ దగ్గరగా నొక్కి పట్టేది ఇరుసు నట్టే. అది వదులుగా ఉండగా బండి బరువు పడితే ముక్కల మధ్య సందు వస్తుంది. గుండ్లు గాడి మధ్యలో కాకుండా అంచు మీద నొక్కుకుని సొట్టలు పడతాయి. ఆ తర్వాత నట్టు ఎంత బిగించినా ఆ సొట్టలు పోవు. అందుకని నట్టు పూర్తి కొలతకు బిగిసేదాకా ఆ చక్రం మీద బరువు పడనివ్వకండి, బండిని ఒక్క అడుగు కూడా కదపకండి.

ఇక కొలత. చాలా పికప్‌లలో యాక్సిల్ నట్టు బిగింపు 200 నుంచి 350 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) మధ్య ఉంటుంది. కానీ చక్రం దగ్గరే ఫోర్ వీల్ డ్రైవ్ కలిసి విడిపోయే ఏర్పాటున్న కొన్ని బండ్లలో ఆ నట్టు 30, 40 దగ్గరే ఆగాలి. వాటిని 250కి లాగితే లోపలి భాగాలు దెబ్బతింటాయి. కాబట్టి మీ మోడల్‌కు, తయారైన సంవత్సరానికి సరిపోయే సర్వీస్ మాన్యువల్‌లో అంకె చూసి, కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకున్నాకే పానా పట్టండి. మాన్యువల్‌లో పౌండ్-ఫుట్లలో ఉంటే 1.356తో గుణిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి. ఈ రెండింటినీ కలిపేసుకుని 200 పౌండ్-ఫుట్ల నట్టును 200 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపేస్తే, 70కి పైగా తక్కువ బిగించినట్టు.

టార్క్ రెంచ్, అంటే పెట్టిన అంకెకు బిగియగానే టిక్కుమనే పానా, ఆ అంకె దాకా వెళ్తుందో లేదో ముందే చూసుకోండి. వీల్ నట్ల కోసం కొన్న రెంచ్‌లు చాలావరకు 200 దగ్గరే ఆగిపోతాయి. సాకెట్ ఆరు పలకల నట్టుకు ఆరు పలకలదే, మందపాటిదే వాడండి. 30, 32, 36 మిల్లీమీటర్ల సైజులు ఎక్కువగా కనిపిస్తాయి గానీ, తెచ్చే ముందు కొలిచి చూసుకోవడం మేలు. టార్క్ రెంచ్‌తో నట్టు విప్పకండి. దానికి విడిగా పొడుగు హ్యాండిల్ ఉండాలి.

అసలు ప్రమాదం ఈ బలం దగ్గరే ఉంది. అర మీటరు పొడవున్న రెంచ్‌తో 300 న్యూటన్ మీటర్లు రావాలంటే దాని కొస మీద దాదాపు 60 కిలోల బరువు వేసినంత బలం పెట్టాలి. అంటే ఒక మనిషి మొత్తంగా దాని మీద వాలినట్టు. ఆ సమయంలో బండి ఒక్క జాకీ మీదే నిలబడి ఉంటే పక్కకు ఒరిగిపోతుంది. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. గట్టి, చదునైన నేల మీద, కింద ఛాసిస్‌కు రెండు వైపులా జాకీ స్టాండ్లు పెట్టి బరువు వాటి మీదికి దించండి. ఇటుకలూ సిమెంటు దిమ్మెలూ వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. వెనక తొట్టిలో సామాను ఉంటే ముందే దించేయండి. స్టాండ్ల మీద పెట్టాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే మళ్లీ మొదటి నుంచి.

నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డుకట్టలు పెట్టాలి. హ్యాండ్ బ్రేక్ మామూలుగా వెనక చక్రాలనే పడుతుంది. ముందు భాగం ఎత్తినప్పుడు అది పనికొస్తుంది, వెనక భాగం ఎత్తితే నేల మీద ఉన్న ముందు చక్రాలను అది ఆపలేదు. గేర్‌లో పెట్టాం కదా అనే ధీమా కూడా వద్దు. వెనక చక్రాలతో నడిచే బండిలో ఒక వెనక చక్రం గాలిలో ఉంటే, రెండు చక్రాలూ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల అది ఎదురు తిరుగుతుంది, నేల మీదున్నదాన్ని పట్టుకునేది ఉండదు.

హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) తిరగకుండా పట్టడానికి ఇంకొకరి సాయం తీసుకోండి. బ్రేక్ పెడల్ మీద పెద్దవాళ్లను ఎవరినైనా కూర్చోబెట్టండి, పిల్లల్ని కాదు. డిస్కును నొక్కి పట్టే బ్రేక్ కాలిపర్ విప్పి ఉండగా మాత్రం పెడల్ తొక్కించకండి, పిస్టన్ బయటికి దూకి ఆయిల్ అంతా పోతుంది. మొదట డిస్కూ కాలిపరూ బిగించి, ఆ తర్వాతే నట్టు చివరి బిగింపు. రెంచ్‌ను నెట్టకండి, మీ వైపు లాగండి. జారినా మీ చెయ్యి ఇనుముకు కొట్టుకోదు. పైపు తొడిగి పొడవు పెంచితే పైపు జారే భయం ఉంటుంది, కొసన మీ మొహం ఉండకుండా పక్కకు నిలబడండి.

గాలి గన్నుతో బిగించేస్తే అయిపోతుంది కదా అని అడుగుతారు. గన్ను ఎంత బిగించిందో ఎవరూ చెప్పలేరు. ఒకే గన్ను, ఒకే నట్టు, మరల్లో కాస్త తుప్పుంటే ఒకలా, నూనె ఉంటే ఇంకోలా బిగిస్తుంది. నట్టు కూర్చునేదాకా చేత్తో తిప్పండి, మిగతాది టార్క్ రెంచ్‌తో ఆగకుండా ఒకే లాగుడులో. టిక్కుమనగానే ఆపేయండి. ఇంకోసారి టిక్కుమనిపించి చూద్దాం అనుకుంటే నట్టు ఇంకాస్త తిరుగుతుంది. మరలు శుభ్రంగా తుడిచి, మాన్యువల్ చెప్పకపోతే గ్రీజు రాయకండి. రాపిడి తగ్గితే అదే అంకె దగ్గర యాక్సిల్ మరల కొస ఎక్కువ సాగుతుంది.

నట్టులో రకాలున్నాయి. అంచును యాక్సిల్ మీది గాడిలోకి నొక్కి తాళం వేసిన నట్టయితే, విప్పే ముందు ఆ మడతను ఉలితో పైకి లేపాలి, లేకపోతే యాక్సిల్ మరలు చీల్చేస్తుంది. సుత్తి దెబ్బకు ఉలి ముక్కలు ఎగురుతాయి, కళ్లద్దాలు తప్పనిసరి. ఇలాంటివీ, లోపల నైలాన్ ఉన్నవీ ఒకసారి వాడేవే, కొత్తది కొనుక్కోండి. కోటగోడలా గాడులున్న నట్టయితే, అది తిరగకుండా గాడిలోంచి యాక్సిల్ రంధ్రంలోకి స్ప్లిట్ పిన్ను పెడతాం. కొలత దగ్గర గాడి, రంధ్రం కలవకపోతే నట్టు ముందుకే తిప్పండి. కాస్త వెనక్కి తిప్పితే కలిసిపోతుందని చాలామంది అలా చేస్తారు. వద్దు. పిన్ను కూడా కొత్తదే.

పై మాటలన్నీ యాక్సిల్ నట్టుకు. బరువు మోసే పికప్‌ల వెనక ఇరుసులో శంకువు ఆకారపు రోలర్ బేరింగ్‌లుంటే లెక్క తిరగబడుతుంది. అక్కడ హబ్ తిప్పుతూ కొంచెం బిగించి, వదిలి, మళ్లీ నామమాత్రంగా బిగిస్తారు. 300 అక్కడ పెడితే గ్రీజు కరిగి బేరింగ్ మాడిపోతుంది. మీ బండిలో ఏదుందో తెలిసేదాకా ఆ పని మొదలుపెట్టకండి.

బిగించాక నట్టు మీద, యాక్సిల్ కొస మీద కలిసేలా పెయింటుతో ఒక గీత గీయండి. చక్రం పెట్టి, ఇంకా స్టాండ్ల మీద ఉండగానే పైనా కిందా పట్టుకుని ఊపండి. లొటలొట ఉండకూడదు. వీల్ నట్లు ఎదురెదురుగా బిగించండి. మొదట అయిదారు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ఆపి, అరచేతి వెనక భాగం హబ్‌కు దగ్గరగా పెట్టండి, ముట్టుకోవద్దు. రెండో వైపు కంటే బాగా వేడిగా ఉంటే బండి అక్కడే ఆపి చూపించండి. వంద కిలోమీటర్ల లోపు వీల్ నట్లు మళ్లీ టార్క్ చేయండి. యాక్సిల్ నట్టును మాత్రం ఊరికే మళ్లీ బిగించకండి, మూత తీసి ఆ పెయింటు గీత చూడండి. గీత కలిసే ఉంటే మూత పెట్టేయండి. విడిపోయి ఉంటే ఆ నట్టు తీసేసి, కొత్తది తెచ్చి, బండి మళ్లీ స్టాండ్ల మీదికి.