రెండు ఫొటోలను లేయర్ మాస్క్‌తో ఒకటిగా కలపడం ఎలా?

విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో తెల్లవారాక, మ్యూజియంగా నిలిపిన కురుసుర సబ్‌మెరైన్‌ను రోడ్డు వైపు నుంచి తీస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. ఆకాశం రంగులతో బాగా వస్తే సబ్‌మెరైన్ నల్లటి ముద్ద అవుతుంది. సబ్‌మెరైన్ కనిపించేలా తీస్తే ఆకాశం తెల్లగా పాలిపోతుంది. రెండూ తీసి కలిపేయడమే మార్గం. దీనికి ఉచితంగా దొరికే గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు.

ముందు ఫొటోల సంగతి. 91 మీటర్ల సబ్‌మెరైన్ ఫ్రేమ్‌లో పట్టాలంటే రోడ్డు అవతలికి వెళ్లక తప్పదు. ఫోన్‌ను స్టాండ్ మీదో గోడ మీదో కదలకుండా పెట్టి, ఒకసారి ఆకాశం మీద, మరోసారి సబ్‌మెరైన్ మీద ట్యాప్ చేసి వెంటవెంటనే తీయండి. ఆలస్యమైతే వెలుగు మారిపోతుంది.

1. గింప్‌లో ఫైల్ మెనూ నుంచి 'ఓపెన్ యాజ్ లేయర్స్' నొక్కి రెండింటినీ లేయర్లుగా, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పొరలుగా తెరవండి. ఆకాశం బాగున్న ఫొటో పైన, సబ్‌మెరైన్ బాగున్నది కింద ఉండాలి.

2. పై లేయర్ ఒపాసిటీ 50కి తగ్గిస్తే రెండూ ఒకేసారి కనిపిస్తాయి. మూవ్ టూల్ తీసుకుని, యారో కీలతో సబ్‌మెరైన్ అంచులు కలిసేదాకా జరపండి. మళ్లీ 100కి పెంచండి.

3. పై లేయర్ మీద రైట్ క్లిక్ చేసి 'యాడ్ లేయర్ మాస్క్' ఎంచుకోండి. పై ఫొటోలో ఏ భాగం కనిపించాలో, ఏది దాగాలో చెప్పేదే మాస్క్. చాలామంది ఇక్కడ తెల్ల మాస్క్ పెట్టి, సబ్‌మెరైన్ పైకి పొడుచుకొచ్చిన టవర్ చుట్టూ చేత్తో నలుపు పూస్తూ కూర్చుంటారు. అంత శ్రమ అక్కర్లేదు. 'గ్రేస్కేల్ కాపీ ఆఫ్ లేయర్' ఎంచుకోండి. మాస్క్‌లో తెలుపు ఉన్నచోట పై ఫొటో కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట కిందిది. పై ఫొటోలో ఆకాశం వెలుగు, సబ్‌మెరైన్ చీకటి కాబట్టి మాస్క్ దాదాపు దానంతటదే తయారవుతుంది.

4. కలర్స్ మెనూలోని లెవెల్స్‌తో మాస్క్‌లో తెలుపును ఇంకా తెలుపు, నలుపును ఇంకా నలుపు చేయండి. మరీ ఎక్కువ లాగితే అంచు కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. కొద్దిగా గాసియన్ బ్లర్ ఇస్తే సర్దుకుంటుంది.

అసలు తంటా సముద్రంతోనే. రెండు ఫొటోల్లోనూ అల ఒకేచోట ఉండదు. మాస్క్ అక్కడ బూడిద రంగులో ఉంటే రెండు అలలూ సగం సగం కలిసి దెయ్యం నురగలా కనిపిస్తాయి. మాస్క్ మీద బ్రష్‌తో సముద్రం మొత్తానికి తెలుపు పూసేయండి, అలలన్నీ ఒకే ఫొటోవి అవుతాయి. ఇసుక మీద తడి మెరుపు మాస్క్‌లో తెల్లగా పడి ఉంటే అక్కడ నలుపు పూయండి. డి కీ నొక్కితే నలుపు, తెలుపు వస్తాయి. ఎక్స్ నొక్కితే తారుమారవుతాయి.

పూసే ముందు లేయర్ల జాబితాలో మాస్క్ థంబ్‌నెయిల్ (చిన్న బొమ్మ) చుట్టూ తెల్ల గీత ఉందో లేదో చూసుకోండి. లేకపోతే రంగు ఫొటో మీదే పడుతుంది. కంట్రోల్ జెడ్ ఉందిలెండి, టెన్షన్ అక్కర్లేదు. ఆల్ట్ పట్టుకుని థంబ్‌నెయిల్ నొక్కితే మాస్క్ ఒక్కటే కనిపిస్తుంది. వదిలేసిన మచ్చలు అప్పుడే దొరుకుతాయి.

టవర్ పక్కన తెల్లటి వెలుగు గీత మిగిలిందా? అక్కడ చిన్న మెత్తటి బ్రష్‌తో, ఒపాసిటీ 30 దగ్గర పెట్టి, తెలుపును కొంచెం కొంచెంగా లోపలికి తోయండి.

గింప్ సొంత ఫైల్ రకమైన ఎక్స్‌సీఎఫ్‌గా సేవ్ చేసుకుంటే మాస్క్ పదిలంగా ఉంటుంది, రేపైనా మార్చుకోవచ్చు. పంపడానికి జేపీజీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. వాట్సాప్‌లో మాత్రం డాక్యుమెంట్‌గా పంపండి.